హారంలో లేనివాడు

2019 మే నెలలో పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు మా స్కూలు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు మోగిపోయింది. రాష్ట్రం మొత్తం మీద ఉత్తీర్ణత 94.88 శాతం. జిల్లాల్లో తూర్పు గోదావరి ఫస్టు, 98.19 శాతం. చివరిది నెల్లూరు, 83.19. "మనోళ్ళా మజాకా" అని ఒకడు, "పెద్దాపురం నీళ్ళు అలాంటివి మరి" అని ఇంకొకడు. అప్పటికి మా పెద్దాపురం తూర్పు గోదావరి జిల్లాలోనే ఉంది. కాకినాడ జిల్లాలోకి మారింది 2022 ఏప్రిల్లో.

నేనూ ఒక చప్పట్ల బొమ్మ పెట్టాను. పెట్టాక చూసుకుంటే, ఆ గ్రూపులో ఒక్కడే ఏమీ మాట్లాడలేదు. పదో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు. ఇప్పుడు సామర్లకోట రోడ్డులో మోటార్లు రివైండింగ్ చేసే షాపు నడుపుతున్నాడు. పేరు రాయను.

మా బ్యాచ్‌కి కూడా నూటికి నూరు శాతం వచ్చింది. 2003లో. గేటు మీద గుడ్డ బ్యానరు కట్టారు. స్కూలు పేరు కూడా రాయను, ఎందుకంటే ఆ పని ఒక్క ఆ స్కూలే చెయ్యలేదు. మా సెక్షన్లో జూన్లో నలభై ఆరుగురం ఉండేవాళ్ళం. మార్చిలో స్కూలు తరఫున పరీక్ష రాసింది నలభై ఒక్కరం. మిగతా ఐదుగురిని అర్ధ సంవత్సరం పరీక్షల తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి, "నువ్వు ఈసారి ప్రైవేటుగా కట్టుకోరా, నీకే మంచిది, నిదానంగా రాసుకోవచ్చు" అని నచ్చజెప్పారు. ప్రైవేటుగా కట్టినవాడి ఫలితం స్కూలు లెక్కలోకి రాదు. నా పక్కవాడు ఆ ఐదుగురిలో ఒకడు. లెక్కల్లో వాడికి పదిహేనూ పదహారూ వచ్చేవి. జనవరి నుంచి బడికి రావడం మానేశాడు. పరీక్ష ఫీజు కూడా కట్టలేదు.

వాణ్ణి పిలిచి మాట్లాడింది మా లెక్కల మాస్టారే. చెడ్డమనిషి కాదు. సాయంత్రం ఏడు దాకా ఉండి, పైసా తీసుకోకుండా మా అందరికీ త్రికోణమితి చెప్పినాయన. ఆరో తరగతిలో భిన్నాలు చెప్పిందీ ఆయనే: "పైనున్నది లవం, కిందున్నది హారం. అందరూ లవాన్నే చూస్తార్రా. హారాన్ని మార్చేస్తే లవాన్ని ముట్టుకోకుండానే భిన్నం విలువ మారిపోద్ది." లెక్కల పాఠంగానే చెప్పారు. నాకది లెక్కల పాఠంలా మాత్రం మిగల్లేదు.

ఇప్పుడు నా ఉద్యోగం హైదరాబాదులో, ఒక కంపెనీకి డాష్‌బోర్డులు కట్టడం. ఏ టీము ఈ నెల ఎంత సాధించింది, టార్గెట్‌కి ఎంత దూరంలో ఉంది అని రంగుల్లో చూపించే తెరలు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఆకుపచ్చ కోసం మనుషులు ఏమేం చేస్తారో రోజూ చూస్తూ ఉంటాను కాబట్టి, ఆ 98.19ని చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ప్రాంతంలో బడిని అంకెల్లో కొలవడం ఎప్పుడు మొదలైంది, ఆ కొలతల్లో కింద ఎవరుండేవాళ్ళు, ఎవరుండేవాళ్ళు కాదు అని వెతుక్కుంటూ పోయాను. దొరికినది దాదాపు రెండు వందల ఏళ్ళ కథ.

*

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్ 25న ఒక మినిట్ రాశాడు. మన దగ్గర రెవెన్యూ లెక్కలున్నాయి, పొలాల కొలతలున్నాయి, ప్రజల చదువు సంగతి మాత్రం ఏమీ తెలీదు, కలెక్టర్లందరూ వివరాలు పంపాలి అని దాని సారాంశం. ఒక ఫారం కూడా తయారుచేసి పంపారు. ఎన్ని బడులు, ఎంతమంది పిల్లలు, అందులో బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులాలు, ముస్లిములు, మగా ఆడా ఎంతెంత. డేటా మనుషులు చెప్పే స్కీమా అంటే ఇదే. గడులు ముందే గీసి ఇచ్చారు. మాల మాదిగలకంటూ వేరే గడి లేదు.

రాజమండ్రి జిల్లా లెక్క 1823లో వెళ్ళింది. అప్పటి ఆ జిల్లాలోనే పెద్దాపురం వత్సవాయి వారి జమీందారీ ఉంది. ఆ లెక్క ప్రకారం జిల్లా జనాభా 7,38,308. బడులు 291. పిల్లలు 2,658. వాళ్ళలో బ్రాహ్మణులు 904, వైశ్యులు 653, శూద్రులు 466, ఇతర కులాలు 546, ముస్లిములు 52. ఆడపిల్లలు 37. ఇవి కాక, వేదమూ శాస్త్రాలూ చెప్పే పై చదువుల చోట్లు 279, అందులో 1,454 మంది విద్యార్థులు. ధరంపాల్ 1983లో ఈ కాగితాలన్నీ 'ది బ్యూటిఫుల్ ట్రీ' అనే పుస్తకంగా అచ్చువేశాక, మన పాత చదువు గొప్పది అనేవాళ్ళకీ, కాదు అనేవాళ్ళకీ ఇవే అంకెలు ఆయుధాలయ్యాయి. ఇద్దరూ ఒకే పట్టిక చూపిస్తారు. ఇద్దరూ అబద్ధం చెప్పరు. తేడా హారంలో ఉంది.

మన్రో 1826 మార్చి 10న రాసిన రెండో మినిట్లో చేసిన పని నాకు చాలా ఇష్టం. ప్రెసిడెన్సీ మొత్తం జనాభా 1,28,50,941. బడులు 12,498. పిల్లలు 1,88,650. అంటే సుమారు 68 మందికి ఒక్కరు చదువుతున్నట్టు. ఆయన అక్కడితో ఆగలేదు. జనాభా అంతా బడికెళ్ళే వయసులో ఉండదు కదా అన్నాడు. మొదట జనాభాలో సగం ఆడవాళ్ళని తీసేశాడు. మిగిలిన మగవాళ్ళలో ఐదు నుంచి పదేళ్ళ వయసువాళ్ళు తొమ్మిదో వంతు ఉంటారని లెక్కగట్టాడు. అలా చూస్తే సుమారు 7,13,000 మంది మగపిల్లలకి 1,84,110 మంది బడిలో ఉన్నట్టు. నాలుగింట ఒక వంతు కంటే కాస్త ఎక్కువ. ఇళ్ళలో చదువుకునేవాళ్ళని కూడా కలిపితే మూడింట ఒక వంతుకు దగ్గర పడుతుంది అన్నాడు. మద్రాసు నగరంలో ఇంటి చదువులవాళ్ళు బడిపిల్లలకి ఐదు రెట్లున్నారని లెక్క వస్తే, దాన్ని మాత్రం ఆయనే నమ్మలేదు. ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందన్నాడు. రిపోర్టులో తనకి అనుకూలంగా ఉన్న అంకెని అనుమానించే పై అధికారి ఈ రోజుల్లోనూ అరుదే.

ఆయన పద్ధతినే మన రాజమండ్రి జిల్లాకి వర్తింపజేసి చూశాను. మొత్తం జనాభా మీద వేస్తే 278 మందికి ఒక్కరు. ప్రెసిడెన్సీ సగటులో పావు వంతే. మన్రో లాగా ఆడవాళ్ళని తీసేసి, తొమ్మిదో వంతు తీసుకుంటే 41,017 మంది మగపిల్లలకి 2,621 మంది. అంటే దాదాపు పదహారు మందిలో ఒకడు. అదే కాగితం, అవే పిల్లలు. 278లో ఒకరు పదహారులో ఒకరయ్యారు.

సరే, తీసేసిన ఆ రెండో సగం మాటేమిటి? అదే వయసు ఆడపిల్లలూ సుమారు 41 వేలమంది ఉంటారు. బడిలో ఉన్నది 37 మంది. పదకొండు వందల మందికి ఒక్కరు. మన్రోకి ఆ గడి కనబడకపోలేదు. ఆయన లెక్కలో వాళ్ళని దాచిపెట్టలేదు కూడా. బడి మగపిల్లల వ్యవహారం కాబట్టి పోల్చడానికి మగపిల్లలనే తీసుకోవాలి అనుకున్నాడు, అంతే. సద్బుద్ధితోనే, సరైన గణితంతోనే, సగం మంది హారం నుంచి వెళ్ళిపోయారు. మా మాస్టారు మా వాణ్ణి పిలిచి మాట్లాడినంత మెత్తగా.

*

ఆ సర్వేలోనే బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ పంపిన జవాబు మిగతావాటి కంటే పెద్దది. 533 బడులు, 6,641 మంది పిల్లలు, అందులో హిందూ మగపిల్లలు 6,338, ఆడపిల్లలు 60, ముస్లిములు 243. అంకెలు పంపి ఊరుకోకుండా బడిలో ఏం జరుగుతోందో కూడా రాశాడు. పిల్లలు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకి చెప్పడం ఆయనకి నచ్చాయి. పద్యాలు మాత్రం చిలకల్లా వల్లిస్తున్నారని, వాటి అర్థం పిల్లలకే కాదు, చాలాచోట్ల పంతులుకి కూడా తెలీదని రాశాడు. అప్పటికే జనం పేదరికంలోకి జారుతున్నారనీ, బడులు మూతబడుతున్నాయనీ, అందులో కంపెనీ పాలన పాత్ర ఉందనీ కూడా దాచకుండా రాశాడు. గడుల్లో పట్టనిదాన్ని గడుల కింద రాసిన మనిషి.

ఆయనకి నూటయాభై ఏళ్ళ తర్వాత ఇంకో కాంప్‌బెల్ వచ్చాడు. చుట్టరికం ఏమీ లేదు, పేరొక్కటే. డొనాల్డ్ కాంప్‌బెల్, అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. 1970ల్లో ఆయన చెప్పిన సూత్రాన్ని మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో కూడా గోడల మీద రాసుకుంటారు. ఒక అంకెని చూసి నిర్ణయాలు తీసుకోవడం ఎంత పెరిగితే, ఆ అంకె అంత చెడుతుంది, అది కొలవాల్సిన పనిని కూడా అంత చెడగొడుతుంది అని దాని భావం. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో బడి పరీక్షలూ ఉన్నాయి. బళ్ళారి కాంప్‌బెల్ చూసిన చిలక పలుకులకీ ఈ సూత్రానికీ మధ్య జరిగిన చరిత్రలో ఒక పెద్ద భాగం మన మద్రాసు ప్రెసిడెన్సీలోనే జరిగింది.

అంతకుముందు గోదావరి జిల్లాలో జరిగిన ఒక మంచి సంగతి చెప్పాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టాలో నాలుగు డబ్బులు కనపడటం మొదలైన రోజుల్లో, రాజమండ్రి సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ నరసాపురంలో బడి పెట్టించాడు. తర్వాత పాలకొల్లు, ఆచంట, పెనుగొండ. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మాకూ కావాలన్నారు. దానికి వేసిన ఉపాయం, శిస్తుతో పాటు కొంచెం అదనంగా బడి పన్ను కట్టడం. వీటిని రేటు బడులు అన్నారు. రైతులు నిజంగా ఇష్టపడి కడుతున్నారా, సర్కారు మనిషి అడిగాడని కడుతున్నారా అన్న గొడవ వచ్చింది. దానికి చట్టబద్ధత ఇవ్వడానికే 1863లో మద్రాసు విద్యా చట్టం చేశారు. రైతు తన డబ్బుతో నడిపించే బడిని రైతే కొలుస్తాడు, పిల్లవాడు రోకా చదవగలుగుతున్నాడా, దస్తావేజు రాయగలుగుతున్నాడా అని. ఆ కొలతకి ఫారం అక్కర్లేదు.

సర్కారు డబ్బిస్తే సర్కారు కొలవాలి. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో అనే మంత్రి కొత్త పద్ధతి తెచ్చాడు. ఫలితాన్ని బట్టి చెల్లింపు. ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వస్తాడు, ఒక్కొక్క పిల్లవాణ్ణీ చదివిస్తాడు, రాయిస్తాడు, లెక్క చేయిస్తాడు. పాసైన ఒక్కో పిల్లవాడికీ ఇంత అని బడికి గ్రాంటు. ఆ దశాబ్దంలోనే ఆ పద్ధతి మద్రాసుకి ఓడెక్కి వచ్చింది. మన వీధి అరుగుల మీద నడిచే బడులని సర్కారు లెక్కలోకి తెచ్చింది ఎక్కువగా ఈ రిజల్ట్స్ గ్రాంట్లే. హాజరు పట్టీ, తరగతులు, అచ్చు వాచకాలు, వార్షిక పరీక్ష, ఇవన్నీ అరుగు బడికి ఎక్కింది ఆ మెట్ల మీదే. 1882 నాటి హంటర్ కమిషన్ కూడా దేశవాళీ బడులకి ఈ పద్ధతే మేలంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్ళలో వదిలేశారు.

ఎందుకు వదిలేశారో ఇంగ్లండు ఇన్‌స్పెక్టర్లే చెప్పారు. వాళ్ళలో కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఒకడు. పిల్లలు వాచకాన్ని మొత్తం బట్టీ పట్టేవాళ్ళు. పుస్తకం తిరగేసి పట్టుకుని గడగడా చదివిన పిల్లల కథలు అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. పరీక్షలో లేని చరిత్రా, పాటా, బొమ్మలూ బడిలోంచి వెళ్ళిపోయాయి. పాసయ్యేవాడి మీదా ఫెయిలయ్యేవాడి మీదా పంతులు సమయం పెట్టడు. గీతకి అటూ ఇటూ ఊగేవాడి మీదే పెడతాడు. డబ్బు అక్కడుంది కాబట్టి.

మా చిన్నప్పుడు కూడా "రేపు డీఈవో గారొస్తున్నారు" అంటే బడి మొత్తం కడిగిన పళ్ళెంలా అయిపోయేది. నోటు పుస్తకాలకి అట్టలు, గోడల మీద సూక్తులు, ముందు బెంచీలో బాగా చదివేవాళ్ళు. నా పక్కవాణ్ణి ఆ రోజుల్లో నీళ్ళు తేవడానికో, మొక్కలకి పాదులు తీయడానికో పంపేవాళ్ళు. వాడికదే ఇష్టంగా ఉండేది. ఇప్పుడనిపిస్తుంది, అవి ప్రైవేటుకి రిహార్సళ్ళు అని.

*

ఈ కథకి అమెరికా శాఖ కూడా ఉంది. మా పిన్ని కూతురు డాలస్ దగ్గర ఇల్లు కొనేటప్పుడు గదులెన్నో తర్వాత, ముందు ఆ ఏరియా స్కూలు రేటింగ్ ఎంతో చూసింది. అక్కడి మన తెలుగువాళ్ళందరూ చేసే పనే. ఆ రేటింగుల వెనకున్న లెక్కలు అంత పెరగడానికి పెద్ద కారణం 2002 జనవరిలో బుష్ సంతకం చేసిన చట్టం. 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్', ఏ బిడ్డనీ వెనక వదలొద్దు. ప్రతి బడీ, ప్రతి స్కూల్ డిస్ట్రిక్టూ ఏటా తగినంత ప్రగతి చూపించాలి. 2014 కల్లా పిల్లలు నూటికి నూరు మందీ చదవడంలో, లెక్కల్లో నిర్ణీత స్థాయి అందుకోవాలి. వరుసగా రెండేళ్ళు అందుకోకపోతే బడికి ముద్ర, ఆ పైన చర్యలు.

నూటికి నూరు అనే మాట వినగానే మా గేటు మీది బ్యానరు గుర్తొచ్చింది. వాళ్ళకీ అదే గతి పట్టింది. పాసు గీత ఎక్కడ గీయాలో రాష్ట్రాలకే వదిలేస్తే కొన్ని రాష్ట్రాలు గీతని కిందికి దించాయి. 2011లో దేశంలోని బడుల్లో దాదాపు సగం ఆ ఏటి లక్ష్యం తప్పాయి. ఆ ఏడే అట్లాంటాలో దర్యాప్తు నివేదిక వచ్చింది. 44 బడుల్లో 178 మంది టీచర్లూ ప్రిన్సిపాళ్ళూ పిల్లల జవాబు పత్రాలు దిద్దడంలోనో ఇంకో రకంగానో మోసానికి పాల్పడ్డారని. 2015 ఏప్రిల్లో పదకొండు మందికి నేరం రుజువైంది. అదే ఏడాది డిసెంబరులో ఆ చట్టం స్థానంలో ఇంకోటి వచ్చింది.

అయినా ఆ చట్టంలో ఒక నిబంధన చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. బడిలోని పిల్లల్లో కనీసం 95 శాతం పరీక్ష రాయాలి. రాయకపోతే, రాసినవాళ్ళకి ఎన్ని మార్కులొచ్చినా బడి తప్పినట్టే. అంతేకాదు, నల్లజాతి పిల్లలు, పేద పిల్లలు, వైకల్యం ఉన్న పిల్లలు, ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడని పిల్లలు, ఒక్కో వర్గం ఫలితం విడివిడిగా చూపించాలి. సగటు చాటున ఎవర్నీ దాచకూడదు. ఎన్ని దోషాలున్నా ఆ చట్టం రాసినవాళ్ళకి హారం సంగతి తెలుసు. మా సెక్షన్లో నలభై ఆరుకి నలభై ఒక్కటి అంటే 89 శాతం. మా బ్యానరు ఆ చట్టం కింద చెల్లేది కాదు.

*

కొలిస్తే చెడుతుంది, కాబట్టి కొలవద్దు అని తేల్చేసి ఈ వ్యాసం ముగిద్దామనుకున్నాను మొదట. ముగించలేకపోవడానికి కారణం మళ్ళీ మన ఆంధ్రే.

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం మొదలైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు, రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేశారు. లాటరీలో తీసినట్టు ఎంపిక చేసిన బడుల్లో, పిల్లల సగటు మార్కులు ఏడాదిలో ఎంత పెరిగితే దాన్ని బట్టి టీచర్లకి బోనసు. ఒక్కో శాతం పెరుగుదలకీ 500 రూపాయలు లెక్క. మళ్ళీ ఫలితాన్ని బట్టి చెల్లింపే. రాబర్ట్ లో తిరిగొచ్చాడు కదా అనుకుంటూ చదివాను.

రెండేళ్ళ తర్వాత ఆ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. మామూలు మాటల్లో చెప్పాలంటే, లెక్కల్లో వందమంది వరసలో యాభయ్యో చోట ఉండేవాడు సుమారు పది మెట్లు ఎక్కినట్టు. బోనసు లేని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగయ్యారు. టీచర్ల సెలవులేమీ తగ్గలేదు. వచ్చిన రోజుల్లో ఎక్కువ పనిచేశారు. అదనపు క్లాసులు, ఇంటిపని, వెనకబడినవాళ్ళ మీద శ్రద్ధ. బోనసు సగటున ఏడాది జీతంలో మూడు శాతం దగ్గర. 2011లో ఈ ఫలితాలు ప్రపంచంలో పేరున్న ఆర్థికశాస్త్ర పత్రికల్లో ఒకదానిలో అచ్చయ్యాయి.

1862 పద్ధతికీ దీనికీ తేడా ఎక్కడుంది? రెండు చోట్ల. ఒకటి, వీళ్ళు గీత గీయలేదు. ముప్పై ఐదు దాటాడా లేదా అని చూడలేదు, ఎక్కడున్నవాడు ఎక్కడికొచ్చాడు అని చూశారు. పదిహేను మార్కులవాడు ఇరవై ఐదుకి వస్తే, తొంభైవాడు నూటికి వచ్చినంత విలువ. రెండోది ఆ పరిశోధన పత్రంలో ఒక చిన్న వివరం. ఏడాది మొదట్లో పరీక్ష రాసిన పిల్లవాడు చివరి పరీక్షకి రాకపోతే వాణ్ణి లెక్కలోంచి తీసెయ్యరు. వాడి ప్రగతి సున్నా అని వేసుకుని సగటులో కలుపుతారు. వెనకబడినవాణ్ణి పరీక్ష రోజు ఇంటికి పంపితే టీచరుకే నష్టం.

ఆ ఒక్క నియమం మా స్కూల్లో ఉండి ఉంటే మా మాస్టారు జనవరిలో సైకిలేసుకుని వాడింటికి వెళ్ళుండేవారు. ఆయన స్వభావం అది. కొలత ఆయన చేత ఇంకో పని చేయించింది.

*

ఇప్పుడు మళ్ళీ ఆ 98.19 దగ్గరికి. 2019 జూలైలో, ఫలితాలొచ్చిన రెండు నెలలకి, కొత్త ప్రభుత్వం పదో తరగతిలో ఇరవై ఇంటర్నల్ మార్కులూ బిట్ పేపరూ రద్దు చేసింది. 2020లో, 2021లో కోవిడ్ వల్ల పరీక్షలు లేకుండా అందరూ పాస్. 2022లో పరీక్ష జరిగితే రాష్ట్ర ఉత్తీర్ణత 67.26 శాతం. నూరు శాతం తెచ్చుకున్న బడులు 2019లో 5,464. 2022లో 797. మూడేళ్ళలో ఇంత పడిపోయిందంటే అందులో మూతబడిన బడుల నష్టమెంత, మారిన పరీక్ష ఎంత అని విడదీయడం ఒక్క అంకెతో అయ్యే పని కాదు. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ప్రతి ఏడూ ఆ రోజు టీవీలో ఎవరో ఒకరు దీన్ని తమ ఘనతనో, ఎదుటివాళ్ళ వైఫల్యమో చేసుకుంటారు. 2023 నుంచి వరుసగా మూడేళ్ళు రాష్ట్రంలో ఫస్టు వచ్చింది పార్వతీపురం మన్యం జిల్లా. మా గ్రూపులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇంకో కొలత ఉంది. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న ఏసర్ సర్వే. వాళ్ళు పిల్లల్ని బడిలో పరీక్షించరు. పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి, బడికెళ్ళే పిల్లవాడైనా మానేసినవాడైనా కూర్చోబెట్టి రెండో తరగతి పాఠం చదివిస్తారు. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో మూడో తరగతి పిల్లల్లో దాన్ని చదవగలిగింది 22.6 శాతం. 2022లో 10.3 శాతం. పదిలో 94.88 వచ్చిన విద్యా సంవత్సరంలోనే మూడులో 22.6. రెండూ ఒకే రాష్ట్రం. ఒకటి గేటు లోపల లెక్క, ఇంకొకటి గడప దగ్గర లెక్క.

నేను గడప లెక్కనే నమ్ముతాను. అది ఎక్కువ బాధ పెడుతుంది కాబట్టి కాదు, అందులో మా వాడుంటాడు కాబట్టి.

ఇదంతా రాశాక వాడికి ఫోన్ చేశాను. ఇరవై ఏళ్ళలో ఆ సంగతి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"ఒరేయ్, నీ సంగతి రాస్తున్నాను. రాయొచ్చా?"

"రాసుకో. పేరు మాత్రం ఎట్టకు. మాస్టారి పేరు అస్సలు ఎట్టకు. మొన్న మోటారు కాలిపోయిందని షాపుకొచ్చారు. డబ్బులు తీసుకోలేదు నేను."

"ఆయనేమన్నా అన్నారా?"

"ఏమంటారు. కాసేపు కూర్చుని టీ తాగారు. ఎల్లేటప్పుడు మా పాప ఏం చదువుతుందని అడిగారు. తొమ్మిదండీ అన్నాను. లెక్కలకి సాయంత్రం నా దగ్గరికి పంపరా అన్నారు."

"పంపుతున్నావా?"

"ఎళ్తుంది." కాసేపు ఆగాడు. "మొన్న దాని స్కూల్లో మీటింగెట్టారు. పోయినేడు మాకు వంద శాతం అని చెప్పారు. జూన్లో ఎంతమంది చేరారండీ అని అడిగాను. అందరూ నాకేసి చూశారు."

"ఏం చెప్పారు?"

"కనుక్కుని చెప్తామన్నారు. మళ్ళీ వారం ఎల్లి అడుగుతాను."